పుస్తకంలో లేని వాక్యాలు

డోన్‌లో పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినేవాళ్ళందరి తరఫునా ముందుగా ఒక ఫిర్యాదు. మా క్లినిక్ ఎదురు హోటల్లో ఒకప్పుడు మిరపకాయ బజ్జీ ప్లేటుకు అడ్డంగా పడుకుంటే తల ఒక అంచున, తోక ఇంకో అంచున ఉండేది. ఇప్పుడది ప్లేటు మధ్యలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటోంది. ఓనరును అడిగితే, "మిరపకాయలే అట్ల వస్తాండాయి సార్, మేమేం జేస్తాం" అంటాడు. మిరపకాయ పొట్టిదైతే పైన పిండి ఎందుకు పల్చబడిందో మాత్రం చెప్పడు. 2023 ఎండాకాలంలో ఒక ఉదయం ఈ విషయం మీదే మనసు పాడుచేసుకుని క్లినిక్ మెట్లెక్కుతుంటే, పైన బెంచీ మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే రంగయ్య శెట్టి, ఆయన తల్లి, ఆయన కూతురు వాసవి. బజ్జీ సంగతి ఆ పూటకు వాయిదా పడింది.

నేను ఆప్టోమెట్రిస్టుని. కంటి డాక్టరును కాదు. డాక్టరును చూడకముందు మిమ్మల్ని చీకటి గదిలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ముందుదే బాగుందా" అని విసిగించే మనిషి ఒకడుంటాడు చూడండి, వాణ్ణి. దీనికి నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. ఆ మాట ఒక పెళ్ళిలో చెబితే పక్కన కూర్చున్న పెద్దాయన, "అద్దాలు తుడిచేదానికి నాలుగేండ్లా?" అని నిజంగానే బాధపడ్డాడు.

రంగయ్య శెట్టి గదిలోకి వస్తూనే కేసంతా తనే చెప్పేశాడు. పాప ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయింది. క్లాసులో ఫస్టు. సాయంత్రమయ్యేసరికి నుదురు పట్టుకుని కూర్చుంటుంది, కళ్ళలో నీళ్ళు కారతాయి. రెండు అద్దాల షాపుల్లో చూపించాడు. చూపు బ్రహ్మాండంగా ఉందన్నారు.

"చూపు బాగుంటే నొప్పి ఎందుకొస్తాది సార్? కత బుక్కులు చదివి చదివీ. క్లాసు బుక్కు చదివితే రాదు. కత బుక్కు పట్టిందంటే వస్తాది."

"క్లాసు బుక్కు అంతసేపు చదవను గదా నాయనా" అంది వాసవి.

శెట్టిగారు ఆ సాక్ష్యాన్ని పట్టించుకోలేదు. ఇంట్లో ఉన్న కథల పుస్తకాలన్నీ గోనెసంచిలో కుక్కి, మూతి కుట్టి, గోడౌన్ అటక మీద పెట్టించానన్నాడు. "మీరు ఒక్క మాట చెప్పండి సార్, చదివితే కండ్లు పోతాయని. ఈ పొద్దే పొట్లాలకు చింపిస్తా. పెద్ద చదువు చదివినోళ్ళు చెప్పినారంటే అది గూడా ఒప్పుకుంటాది."

ఆ మాటకు వాసవి తలెత్తి నా వైపు చూసింది. పదహారేళ్ళ పిల్ల, రెండు జడలు, చేతిలో గుడ్డ సంచి. ఆ సంచిని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకున్న తీరు చూస్తే, అటక మీదికి చేరని పుస్తకం ఒకటి అందులో ఉందని నాకు అనుమానం వచ్చింది. గోనెసంచి భవిష్యత్తు నా నోట్లో ఉంది. నా డిగ్రీకి అంతకు ముందు గాని ఆ తర్వాత గాని అంత గౌరవం దక్కలేదు.

మా వైపు కంటి పరీక్షను నిజంగా పరీక్షలాగే రాస్తారు. ఇంటి నుంచే "బాగ చదువు, ఒక్కటి గూడా తప్పు చెప్పొద్దు" అని చెప్పి తీసుకొస్తారు. బయట బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు కర్టెన్ వెనక నుంచి వినపడే అక్షరాలను బట్టీ పడతారు. కొందరు తల్లులు పిల్లల వెనక నిలబడి పెదవులు కదిలిస్తారు. పాసై బయటికి వెళ్ళి, అదే తలనొప్పితో మళ్ళీ వస్తారు. వాసవి క్లాస్ ఫస్టు. ఫెయిలయ్యే ఉద్దేశం ఆ పిల్లకు ఏ కోశానా లేదు.

దూరం చార్టు చివరి లైను దాకా గడగడా చదివేసింది. తర్వాత నియర్ కార్డు ఇచ్చాను. దగ్గరి చూపు చూడటానికి చేతికిచ్చే అట్ట అది. పై నుంచి కిందికి అక్షరాలు చిన్నవవుతూ పోతాయి, తెలుగులో నాలుగైదు వాక్యాలుంటాయి. అదీ ఆగకుండా చదివింది. చీటీలో 'నార్మల్' అని రాయడానికి పెన్ను మూత తీశాను. శెట్టిగారి ముఖం వెలిగింది. కళ్ళు బాగుంటే తప్పు పుస్తకాలదే కదా.

అయితే మా పనిలో హిస్టరీ అని ఒకటుంటుంది. అంటే మనిషి రోజంతా కళ్ళతో ఏం చేస్తాడో అడిగి తెలుసుకోవడం. నేను పెన్ను మూత మళ్ళీ పెట్టి అడిగాను.

"ఎక్కడ కూర్చుని చదువుతావమ్మా?"

"మిద్దె మీద సార్. ఎండలో."

డోన్‌లో, ఎండాకాలంలో, మిద్దె మీద, ఎండలో. ఆ గంటల్లో అక్కడికి బల్లులు కూడా పోవు.

"నీడలో చదవొచ్చు కదా?"

"నీడలో అక్షరాలు మెత్తగ అయిపోతాయి సార్. ఎండలోనే గట్టిగ ఉంటాయి."

"ఎట్లాంటి పుస్తకాలు ఇష్టం?"

"పల్చనివి. మనుషులు మాట్లాడుకునే మాటలు ఎక్కువుండల్ల. లైను చిన్నగుండల్ల. కొండలు, చెట్లు, మబ్బులు అని పేజీ నిండా రాసినారంటే వదిలేస్తా. లావు బుక్కులు మూడో పేజీ దాటవు నాకు. మా తెలుగు సారు నాకు ఓపిక లేదంటాడు."

కొండలూ మబ్బులూ నాకూ పడవు, నా కళ్ళు బాగానే ఉన్నాయి. కాబట్టి దాన్ని లక్షణంగా లెక్కించలేదు. ఎండ మాత్రం రాసుకున్నాను. బాగా వెలుతురుంటే కంటిపాప చిన్నదవుతుంది, మసక కొంత తగ్గుతుంది. కళ్ళు బాగున్నవాళ్ళు అంత ఎండను వెతుక్కుంటూ పోరు.

"చదవడం ఎట్లా అలవాటైంది?"

"అంగట్లో సార్. పొట్లాల కాగితాలు. నాయన పాత బుక్కులు తూకానికి కొంటాడు గదా, వాటిని చింపితే సగం కత ఉంటాది. ముందు ఏముండెనో, తర్వాత ఏమైతాదో మనమే అనుకోవల్ల. మా అవ్వకు అట్లనే చదివి చెప్తాంటి, ఎనిమిదేండ్లప్పటి నుంచి."

ఇక్కడ అవ్వను పరిచయం చేయాలి. రంగయ్య శెట్టి తల్లి, వెంకటసుబ్బమ్మ. ఎడమ కన్ను నీటికాసులతో పోయింది. నీటికాసులంటే కంటిలో ప్రెషరు పెరిగి లోపలి నరం చచ్చిపోవడం. కుడి కంటికి మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు. సాయంత్రం మనవరాలు పక్కన కూర్చుని చదివితే వినడం ఆమెకు టీవీ, గుడి, ఊరి కబురు అన్నీను. గోనెసంచి అటకెక్కినప్పటి నుంచి ఆమె కొడుకుతో సరిగ్గా మాట్లాడటం లేదని నాకు తర్వాత తెలిసింది.

నియర్ కార్డులో నాలుగైదు లైన్లే ఉంటాయి. అంతమాత్రానికి ఎవరి కన్నైనా ఓపిక పడుతుంది. అందుకని, "ఆ సంచిలో పుస్తకం తీయమ్మా, కాసేపు ఆపకుండా చదువు" అన్నాను. శెట్టిగారు సంచి వైపు చూసిన చూపు గురించి రాయను. వాసవి ఒక పాత కథల పుస్తకం తీసింది, పల్చనిదే. నేను ఆ పిల్ల వెనక నిలబడి, భుజం మీదుగా పేజీ మీద టార్చి లైటు వేశాను.

కథ ఒక రైల్వే గేటు దగ్గర కాపలా ఉండే మనిషిది. భార్యతో గొడవపడి వెళ్ళిపోయి, చాన్నాళ్ళకు ఇంటికొస్తాడు. మొదటి పేజీ ఉన్నది ఉన్నట్టు చదివింది. రెండో పేజీ సగం దాకా అంతే. తర్వాత పుస్తకాన్ని కొంచెం దూరం జరిపింది, కనురెప్పలు చికిలించింది, వేగం మాత్రం తగ్గలేదు. పుస్తకంలో ఇలా ఉంది: "అతడు చెప్పులు విడిచి లోనికి వచ్చాడు. ఆమె తలెత్తలేదు. మౌనంగా అన్నం వడ్డించింది."

వాసవి ఇలా చదివింది:

"అతడు చెప్పులు విడవబోతే, 'ఇన్నాళ్ళకు గుర్తొచ్చెనా ఇల్లు? విడవొద్దు, అట్లే వెనక్కి తిరిగి పో' అనింది ఆమె. పొమ్మంటానే కంచం కడిగి పెట్టింది. 'నీ మీద ప్రేమతో కాదు, వండింది పారబోయలేక' అనింది."

నేను పేజీ మళ్ళీ చూశాను. నా కళ్ళు ఆ మధ్యే పరీక్ష చేయించుకున్నవి. కంచం కడగడం అందులో లేదు.

"ఒక్క నిమిషం. ఇది ఇక్కడ ఉందా?"

"ఉండాది గదా సార్." పుస్తకం దగ్గరికి తెచ్చింది, దూరం జరిపింది. "ఉండల్ల."

"చూస్తిరా సార్!" అన్నాడు శెట్టిగారు. "అబద్ధాలు గూడా నేర్చింది."

"ఏయ్ రంగా, నోరు మూసుకో" అంది అవ్వ చీకట్లోంచి. "చదవనీ. వాడు తినెనో లేదో తెలియల్ల నాకు."

అబద్ధం చెప్పేవాళ్ళు నా ముఖం వైపు చూస్తారు. ఈ పిల్ల పేజీ వైపే చూస్తోంది. లైను మొదట్లో ఒకటి రెండు మాటలు తెలుస్తున్నాయి, మిగతాది చెదిరిపోతోంది. తెలుగులో ముందు ఒత్తులు పోతాయి, తర్వాత గుడులూ దీర్ఘాలూ, ఆ తర్వాత అక్షరాలన్నీ ఉలవల్లా ఒకేలా ఉంటాయి. వేరేవాళ్ళయితే అక్కడ ఆగి "కనపడటం లేదు" అంటారు. వాసవి ఆగలేదు. పొట్లం కాగితం చిరిగిన చోట ఎలా కొనసాగించేదో, ఇక్కడా అలాగే కొనసాగించింది. ఎక్కడ పుస్తకం ఆగిందో, ఎక్కడ తను మొదలైందో ఆ పిల్లకే తెలియదు. ఇన్నేళ్ళుగా ప్రతి పుస్తకాన్నీ అట్లాగే చదివింది.

రెటినోస్కోపు తీశాను. కంటిపాపలోకి సన్నటి వెలుగు గీత పంపి, లోపల అది ఎటు కదులుతుందో చూసే పరికరం. దీని ముందు బట్టీ పనిచేయదు, మనిషి నోరు తెరవాల్సిన పని లేదు, కన్నే చెబుతుంది. గీత నేను ఊపిన వైపే గట్టిగా పరుగెత్తింది. అంటే ప్లస్ పవర్, చిన్నదేం కాదు. మా డాక్టరమ్మతో చెప్పాను. ఆమె కూడా చూసి, "డ్రాప్స్ వేసి చూడండి" అంది. సైక్లోప్లెజిక్ డ్రాప్స్ అంటే కంటి లోపల ఫోకస్ చేసే కండరాన్ని కాసేపు నిద్రపుచ్చే చుక్కలు. కండరం పడుకుంటే అది దాచిపెట్టిన పవరంతా బయటపడుతుంది.

చుక్కలు పడ్డాక వాసవి కంటిపాపలు గోళీలంత అయ్యాయి. ఆ మందు పోయేదాకా దగ్గరిది ఏదీ కనపడదు. చేతిలో పుస్తకం అట్ట మీద పేరు కూడా చదవలేకపోయింది.

"ఇప్పుడు చదవలేదా సార్?" అన్నాడు శెట్టిగారు ఆశగా.

"చదవలేదు."

"ఇది ఎన్నాళ్ళుంటాది?"

ఒకట్రెండు రోజులని చెబితే, ఏదో స్కీము పెట్టినట్టే పెట్టి తీసేశారన్నట్టు నిట్టూర్చాడు.

దాగిన పవరు రెండు కళ్ళల్లోనూ మూడున్నర పైన తేలింది. దీన్ని హైపరోపియా అంటారు. కన్ను ఉండాల్సిన దానికంటే కొంచెం పొట్టిగా ఉండటం.

"ప్లస్సా? అది ముసలోళ్ళకు గదా సార్ వచ్చేది?"

"ముసలితనంలో వచ్చేది వేరే శెట్టిగారూ. ఇది పుట్టినప్పటి నుంచి ఉంది. మీ హమాలీని ఒక బస్తా ఎత్తించి, పొద్దున్నించి రాత్రి దాకా దించొద్దంటే ఏమవుతుంది?"

"దించకుండ ఎట్ల నిలబడతాడు?"

"పాప కంట్లో కండరం అట్లాగే నిలబడి ఉంది. దూరం చూస్తే ఒక బస్తా. దగ్గర చూస్తే దాని మీద ఇంకోటి. వయసులో ఉంది కాబట్టి మోస్తోంది. కాసేపటికి మోకాళ్ళు వంగుతాయి, అప్పుడు అక్షరాలు చెదురుతాయి, సాయంత్రానికి నొప్పి. చదవడం వల్ల కన్ను చెడలేదు. కన్ను ఇట్లా ఉండబట్టి చదవడం కష్టమైంది."

హమాలీ లెక్క ఆయనకు వెంటనే అర్థమైంది. బయట బెంచీ మీద కూర్చున్న తల్లి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మా యమ్మ దీపం ముందర పప్పులో రాళ్ళు ఏరి ఏరి కండ్లు పోగొట్టుకుండాది సార్. నేను సూస్తాండగానే పోయినాయి. ఇది గూడా అట్లనే వంగి కూసోని చదువుతాంటే నాకు భయమైతాది. పుస్తకాల మీద నాకేం పగ?"

పప్పు ఏరడం వల్ల నీటికాసులు రావని, ముందే తెలిసి చుక్కలు వేసి ఉంటే ఆ కన్ను నిలబడేదేమోనని నేను చెప్పాలి. మొదటి సగమే చెప్పాను. కొడుకుకు రెండో సగం ఆ రోజు అవసరం లేదనిపించింది. ఆమె కుడి కంటి ప్రెషరు మాత్రం అప్పుడే చూపించి, చుక్కలు రాయించి పంపాం.

చుక్కల ప్రభావం పోయాక మళ్ళీ వచ్చారు. దీన్ని మేం పి.ఎం.టి. అంటాం. బయటపడిన పవరులో మనిషి హాయిగా భరించగలిగింది ఎంతో తేల్చే పరీక్ష. వాసవి ముక్కు మీద ట్రయల్ ఫ్రేము పెట్టి, అద్దాలు వేసి, అదే పుస్తకం, అదే పేజీ తీయమన్నాను. ఈసారి మిద్దె లేదు, ఎండ లేదు, మా గదిలో ట్యూబులైటు, అదీ మిణుకుమిణుకుమనేది.

బయటికి చదవలేదు. కళ్ళు లైను చివరి దాకా వెళ్ళి రావడం నాకు కనపడుతోంది. పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. వేలు పెట్టి మళ్ళీ చూసింది.

"సార్, ఈమె ఏమీ మాట్లాడనే మాట్లాడదు."

"అవునమ్మా."

"వాడిని ఒక్క మాట గూడా అనదు. అన్నం పెట్టేస్తాది, అంతే."

"పుస్తకంలో అంతే ఉంది."

ఆ పిల్ల ముఖంలో సంతోషమో దుఃఖమో తేల్చుకోలేకపోయాను. అక్షరాలు రాళ్ళలా గట్టిగా కనపడుతున్నాయి. ఇన్నాళ్ళూ తనతో ఉన్న మనిషి ఆ అక్షరాల్లో లేదు. కాసేపటికి ఫ్రేము సర్దుకుని తండ్రి వైపు తిరిగింది.

"నాయనా, అన్నీ మళ్ళీ చదవల్ల."

"మళ్ళీనా!" అన్నాడు శెట్టిగారు. అప్పటిదాకా చదివినవి ఖర్చు రాసేసినట్టే అనుకున్నాడు పాపం.

"సంచి దించు."

"దించుతాలే." ఆయన కాలర్ సర్దుకున్నాడు. "ఒకటి మాత్రం జీలకర్ర పొట్లాలకు పోయిందమ్మా."

"ఏది?"

"లావుది. నువ్వు ఎట్లాగూ చదవవు గదా అని."

"ఆ లావుదే కావల్ల నాకు ఇప్పుడు!"

బయటి బెంచీ మీద వంతు కోసం ఉన్నవాళ్ళంతా తలలు ఎత్తారు. అక్షరాలు బట్టీ పడుతున్నవాళ్ళు కూడా కాసేపు ఆపారు. శెట్టిగారు అదే పుస్తకం ఇంకొకటి కర్నూలు నుంచి తెప్పిస్తానని అందరి ముందు ఒప్పుకున్నాడు. తెప్పించాడు కూడా. ఈసారి తూకానికి కాదు, అట్ట మీద రేటుకే కొన్నానని నాతో ప్రత్యేకంగా చెప్పాడు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే. ఎంత చిన్న అక్షరం చదివారన్నది కాదు, ఎంతసేపు చదవగలిగారన్నది చూడాలి. చదువు రాని పిల్ల చార్టు ముందు ఆగిపోతుంది, లోపం బయటపడుతుంది. బాగా చదివే పిల్ల లోపాన్ని తనే పూడ్చేసుకుంటుంది, మనం నార్మల్ అని రాసి పంపిస్తాం. అప్పటి నుంచి ఎవరైనా నాకు లావు పుస్తకాలు పడవు, నీడలో చదవడం ఇష్టం ఉండదు అంటే, దాన్ని అభిరుచి అని ఒప్పుకునే ముందు కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి వెలుగు వేసి చూస్తున్నాను. చాలామందికి నిజంగానే పడవు. అది వేరే సంగతి.

దసరా సెలవుల్లో అవ్వ ప్రెషరు చూపించుకోవడానికి మనవరాలితో వచ్చింది. వాసవికి తలనొప్పి లేదు. నీడలో చదువుతోంది. కొండలూ మబ్బులూ కూడా వదలకుండా చదువుతోందట, కొన్ని చోట్ల బాగున్నాయని ఒప్పుకుంది. తెలుగు సారు ఓపిక వచ్చిందని మెచ్చుకున్నాడట. అవ్వకు కూడా ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పోకుండా చదివి వినిపిస్తోంది. ప్రెషరు అదుపులో ఉంది. కేసు ఇంత బాగా ముగియడం మా వృత్తిలో తరచుగా జరగదు కాబట్టి, నేను కొంచెం గర్వంగానే కుర్చీలో వెనక్కి వాలాను.

వాసవి చుక్కల మందు తేవడానికి బయట కౌంటరు దగ్గరికి వెళ్ళింది. అవ్వ గడ్డం స్టాండు మీద నుంచి తీసి, కుడి కన్ను తుడుచుకుని, నా ఆకారం ఉన్న వైపు తిరిగింది.

"అంతా బాగ చేస్తివి గానీ అప్పా, నువ్వు దానికి అద్దాలు పెట్టిన కాడి నుంచి కతల్లో ఆడోళ్ళంతా నోరు మూసుకోని కూచుండారు."